శీలావతికి ఒక దెబ్బ

మా తమ్ముణ్ణి కొట్టిన మనిషి కొడుతూ కొడుతూ చేపల పేర్లు చెప్పాడు. "ఇది శీలావతికి. ఇది బొచ్చెకి. ఇది గడ్డిచేపకి." ఒక్కో పేరుకి ఒక్కో దెబ్బ. చచ్చిన చేపల రకాలు అయిపోతే మళ్ళీ శీలావతి దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. నా ఆల్బమ్‌లో జనం నోళ్ళలో నానిన పాట అదే. ఆ మాటలు బాగా రాశానని నన్ను మెచ్చుకున్నవాళ్ళు చాలామంది. నేను రాయలేదు. గెడకర్ర పట్టుకున్నవాడు రాశాడు. నేను వాటిని తాళంలో పెట్టానంతే.

మాది కొల్లేటి లంకల్లో ఒక ఊరు. ఏలూరు నుంచి పెదపాడు వైపు వచ్చి, తారు రోడ్డు పోయి చేపల చెరువు గట్టే రోడ్డయ్యాక ఇంకాస్త ముందుకొస్తే మా పేట, మా చర్చి, మా ఇల్లు. నాన్న మా చిన్నప్పుడే పోయాడు. మిగిలింది అమ్మ, నేను, తమ్ముడు. నేను చదువుకుని తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరుగా చేరాను. వాడు చదువు మానేసి చెరువుల మీద మేత కట్టే పనికి పోయాడు. తౌడు నింపిన చిల్లుల సంచుల్ని పడవలో తీసుకెళ్ళి నీళ్ళలో పాతిన కర్రలకి కట్టి రావడం ఆ పని. గెడ వేసి పడవ నడపడంలో వాడికి మంచి పేరుండేది.

ఆ ఏడు వానాకాలం చివర్లో కొన్నాళ్ళు ఎండ మొహం కనపడలేదు. అలా మబ్బు పట్టినప్పుడు నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి చేపలు వెల్లకిలా తేలుతాయి. కొల్లేట్లో పుట్టిన ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. అయినా తన చెరువు తేలినప్పుడు మాత్రం ఎవడో మందు కలిపాడనే అంటాడు. మబ్బుని పట్టుకుని కొట్టలేరు కదా, కొట్టడానికి ఒక మనిషి కావాలి. అలా తేలిన ఒక చెరువులో పని మానేసి పక్క చెరువులో అప్పుడే చేరిన మా తమ్ముడు దొరికాడు.

ఆ చెరువు లీజుదారుకి ఒక బావమరిది ఉన్నాడు. మకాం చూసుకునేది అతనే. మకాం అంటే గట్టు మీద కాపలావాళ్ళు ఉండే రేకుల పాక. అతను పట్టపగలు మా వాణ్ణి బండి మీద ఎక్కించుకుని పోయి, మకాం గుంజకి కట్టేసి, పడవ గెడతో కొట్టాడు. దవడ విరిగింది. ఎడమ మణికట్టు నుజ్జయింది. కుడి చెవి ఇప్పటికీ సరిగ్గా వినపడదు. కొట్టడం అయ్యాక తౌడు బస్తాల ట్రక్కులో వేసి మా ఇంటి ముందు దింపారు. దింపారు అంటున్నాను గానీ, ట్రక్కు ఆపలేదని అమ్మ చెప్పింది.

మా ఊళ్ళో కట్టుబాటని ఒకటుంది. గొడవ ఏదైనా స్టేషన్‌కి పోకూడదు. పెద్దలు కూర్చుని తేలుస్తారు. తేల్చాక ఒక మాట ఖాయం చేస్తారు. ఆ రోజు నుంచి ఊరంతా ఆ మాటే చెప్పాలి. ఇంకో మాట ఎవరి నోట వచ్చినా వాళ్ళకి వెలి. మంచినీళ్ళ దగ్గర వెలి, కొట్టు దగ్గర వెలి, చెరువు పనిలో వెలి. మా వాడి విషయంలో ఖాయమైన మాట, గట్టు మీద జారి నీళ్ళు తోడే ఇంజను మీద పడ్డాడని. ఆస్పత్రి ఖర్చు వాళ్ళది, ఆ మాట చెప్పే బాధ్యత మాది. రెండు వైపులవాళ్ళూ పెద్దల ముందు నిలబడి ఆ మాట పైకి అనాలి, అది ఆచారం. బావమరిది గడగడా అనేశాడు. మా అమ్మ చర్చిలో సాక్ష్యం చెప్పాల్సొచ్చినా వెనక వరసలోంచి గొణిగే మనిషి. వినపడలేదని ఆవిడ చేత మళ్ళీ మళ్ళీ అనిపించారు.

తమ్ముడు అనలేదు. వాడి దవడకి తీగలు కట్టి ఉన్నాయి. మాటొచ్చాక అంటాడులే అని వదిలేశారు. నాకు కబురు మర్నాటికి గానీ అందలేదు. నేను అప్పటికి గుండుగొలనులో హైవే మీద నిలబడి ఏ బస్సు దొరికితే ఆ బస్సుకి చెయ్యెత్తుతున్నాను. నేను ఇల్లు చేరేసరికి ఊరి పెద్ద మా గుమ్మం ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"నువ్వు కూడా ఒకసారి అనేయమ్మా. అయిపోద్ది," అన్నాడు.

"ఏం అనాలండీ?"

"అదేనమ్మా. జారి పడ్డాడని."

తమ్ముడి చొక్కా నానబెట్టిన బకెట్టు గుమ్మం పక్కనే ఉంది. ఎత్తి వీధిలోకి కుమ్మరించాను. ఆ ఎర్రనీళ్ళు ఆయన కుర్చీ కిందకి పారాయి. ఆయన పంచె పైకెత్తి పట్టుకుని, "టీచరుగారివి, నీకింత కోపమేంటమ్మా," అని మెల్లగా అన్నాడు. మా వైపు మర్యాదకి లోటుండదు. మనిషిని చంపుతూ కూడా అండీ అంటారనుకుంటాను.

తీగలు విప్పాక పెద్దలు కబురు పెట్టారు. తమ్ముడు వెళ్ళలేదు. దవడకేమైందిరా అని ఎవరైనా అడిగితే అటు తిరిగి నిలబడేవాడు. అబద్ధం చెప్పడానికి నోరు రాదు, నిజం చెబితే అమ్మకి వెలి. మందు కలిపినవాడన్న పేరు మాత్రం వాడికి అతుక్కుపోయింది. చుట్టుపక్కల ఏ చెరువు మీదా పని ఇవ్వలేదు. ఒకసారి మా గుమ్మంలో కూర్చుని, వంకర పోయిన మణికట్టు నిమురుకుంటూ, "కొట్టారని ఒక్కళ్ళు అంటే చాలక్కా. నేను మందు కలపలేదని ఒక్కళ్ళు అంటే చాలు. ఇంకేం వద్దు నాకు," అన్నాడు. వాడు అడిగింది అంతే. అది ఇచ్చేవాళ్ళు మా ఊళ్ళో లేరు.

అప్పటికే నేను ర్యాప్ చేస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వండి, నాకు అలవాటే. చిన్నప్పుడు క్వయర్‌లో నన్ను వెనక నిలబెట్టేవారు, నేను స్తుతి పాడినా దెబ్బలాటకి వచ్చినట్టుంటుందని. స్కూల్లో పిల్లల చేత పద్యాలు బట్టీ పట్టించేటప్పుడు బల్ల మీద అరచేత్తో వాయించి చెప్పించేదాన్ని. ఊపిరి తీసుకోకుండా ఎన్ని పాదాలు చెప్పగలరో పందేలు పెట్టేదాన్ని. అలా చెప్పీ చెప్పీ నాకే పూనకం వచ్చింది. హాస్టల్ డాబా మీద నిలబడి సొంతంగా కట్టినవి ఫోన్లో రికార్డు చేసి పెడితే చూసేవాళ్ళు చూశారు, తిట్టేవాళ్ళు తిట్టారు. తమ్ముడి మాట విన్నాక ఆ సరదా పోయింది. ఆల్బమ్ చెయ్యాలనుకున్నాను. ఊళ్ళో ఎవరూ అనని మాట ఊరి బయట అందరి చేతా అనిపించాలనుకున్నాను.

ఏలూరులో పవర్‌పేట వైపు, రైలు పట్టాలకి దగ్గర్లో ఒక స్టూడియో దొరికింది. అక్కడ రికార్డయ్యేవన్నీ క్రీస్తు పాటలే. నడిపే ఆయన యాభై దాటిన మనిషి, అందర్నీ సిస్టర్, బ్రదర్ అంటాడు. నా పాటలు విని చాలాసేపు తల గోక్కున్నాడు.

"చేద్దామండి సిస్టర్. కానీ ఒక్కటి. ఈ మైకు ముందు అయ్యగార్లు వాక్యం చెప్పారు. బూతు మాత్రం వద్దండి," అన్నాడు.

"బూతు లేకుండా ర్యాపేంటండీ," అన్నాను.

"అది మీ ఇష్టమండి. మైకు నాది."

కోపం వచ్చింది గానీ వేరే స్టూడియో అందుబాటులో లేదు. శనివారాలు స్కూలయ్యాక గూడెంలో పాసింజరెక్కి వచ్చేదాన్ని. తిట్లన్నీ తీసేసి మళ్ళీ రాశాను. ఆయన పెట్టిన ఆంక్ష వల్లే ఆ పాటలు అంత దారుణంగా తయారయ్యాయి. తిట్టడానికి వీల్లేకపోతే జరిగింది జరిగినట్టు చెప్పాల్సొస్తుంది. ఎముక విరిగితే ఎలా విరిగిందో చెప్పాలి, నెత్తురు ఎటు కారిందో చెప్పాలి. ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటూ మధ్యమధ్యలో కళ్ళు మూసుకునేవాడు. ప్రార్థన చేస్తున్నాడో, భరించలేకపోతున్నాడో నేను అడగలేదు. గూడ్స్ బండి వస్తే గోడలు కదిలేవి, రికార్డింగ్ ఆపేవాళ్ళం. ఒక పాటలో మాత్రం నేను ఆగలేదు. బండి మోతని నా గొంతుతో తొక్కెయ్యాలన్నంత ఒళ్ళు మండిపోయి ఉన్నాను. ఆ మోత అందులో అలాగే ఉండిపోయింది.

అసలు పాట మాత్రం కుదరలేదు. మొదట తమ్ముడు చెబుతున్నట్టు రాశాను. గుంజకి కట్టేసిన మనిషి వేదన, అమ్మ తలపు, అవన్నీ పెట్టాను. వాణ్ణి స్టూడియోకి తీసుకొచ్చి వినిపించాను. మంచి చెవి స్పీకరు వైపు తిప్పి విన్నాడు.

"ఇందులో నేను ఏడుస్తున్నానక్కా. నేనేడవలేదు," అన్నాడు.

"మరేం చేశావురా?"

"విన్నాను."

అప్పుడు చెప్పాడు చేపల పేర్ల సంగతి. అంతవరకూ నాకు తెలియదు. శీలావతి అన్నప్పుడు భుజమట, బొచ్చె అన్నప్పుడు దవడట. వాడు చెబుతున్నంతసేపూ స్టూడియో ఆయన కుర్చీలో అటు తిరిగిపోయి ఉన్నాడు. ఇంతకాలం ఆ పేర్లు ఆ చెవిలో మోగుతుంటే వీడు ఎలా అన్నం తింటున్నాడు అనుకున్నాను. మర్నాడు ఆదివారం చర్చికి కూడా పోకుండా కూర్చుని పాటంతా తిరగరాశాను. ఈసారి 'నేను' అన్నది కొట్టేవాడు. అతని గర్వం, అతని చెమట, అతని మాటలే. ఆఖరి చరణంలో మాత్రం అతను ఇంటికి పోతూ తలెత్తి మబ్బు చూస్తాడు. చేపల్ని చంపింది ఏదో అప్పుడు అతనికి తెలుస్తుంది. ఆ ఒక్క చరణం కోసమే మిగతా పాటంతా.

"వాడి నోటితో పాడతారా సిస్టర్? జనం వాడే గొప్పోడనుకుంటారేమోనండి," అన్నాడు స్టూడియో ఆయన.

"అనుకోరండి. వింటున్నవాడికి గెడ తన చేతిలోనే ఉన్నట్టు ఉండాలి. ఆఖర్న ఆ చేతిని చూసి వాడికే అసహ్యం వెయ్యాలి," అన్నాను. జనం మీద నాకు అంత నమ్మకం.

దెబ్బ శబ్దానికి ఆయన కంప్యూటర్లోంచి రకరకాల డ్రమ్ములు వినిపించాడు. తమ్ముడు ప్రతిదానికీ తల అడ్డంగా ఊపాడు. ఆఖరికి బయటికి పోయి, ఒక తౌడు బస్తా తెచ్చి నీళ్ళతో తడిపి, స్టూలు మీద నిలబెట్టాడు. మూలనున్న మైకు స్టాండు గొట్టం తీసుకున్నాడు. "పేర్లు చెప్పక్కా," అన్నాడు. నేను చెప్పాను. శీలావతి అనగానే కొట్టాడు. బొచ్చె అనగానే కొట్టాడు. తడి బస్తా మీద ఆ దెబ్బ మనిషి ఒంటి మీద పడ్డట్టే వినిపించింది. నేను ఆపేశాక కూడా వాడు ఆపలేదు. ఎడమ చెయ్యి పట్టు జారుతుంటే కుడి చేత్తో, కుడి చెయ్యి అలిసిపోతే రెండు చేతులతో కొట్టాడు. బస్తా పిగిలి తడి తౌడు గోడలకీ, తెరలకీ, స్టూడియో ఆయన మొహానికీ కొట్టుకుంది. ఆయన మెషిన్ల మీద పడి రెండు చేతులతో కప్పాడు గానీ ఆపమనలేదు. చివరికి వాడే గొట్టం కింద పెట్టి, చీపురెక్కడండీ అని అడిగాడు. పాటలో మీరు వినేది ఆ దెబ్బలే.

మా పేటలో ఏ పాటల ఆల్బమ్ అయినా పాస్టరుగారు ప్రార్థన చేసి విడుదల చెయ్యడం ఆనవాయితీ. అమ్మ పట్టుబట్టి నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన ఆ ఒక్క పాటే విన్నాడు. విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇది ప్రార్థనలో పెడదామమ్మా," అన్నాడు. మా వైపు దానర్థం కుదరదని. ప్రార్థన లేకుండానే విడుదలైంది.

పాట పాకిపోయింది. ఆటోల్లో విన్నాను, గూడెం మార్కెట్లో విన్నాను, ఏలూరు కాలేజీ పిల్లలు బస్సు రేకు మీద వాయిస్తూ పాడుకుంటుంటే విన్నాను. మొదటి వారం సంతోషంతో నేల మీద నిలవలేదు. తర్వాత మా స్కూల్లో ఆరో తరగతి పిల్లలు వరండాలో ఆడుకుంటుంటే చూశాను. ఒకణ్ణి స్తంభానికి ఆనించి నిలబెట్టారు. మిగతావాళ్ళు వరసగా వచ్చి, "ఇది శీలావతికి," అని ఒకడు, "ఇది బొచ్చెకి," అని ఇంకొకడు వీపు మీద గుద్దుతున్నారు. దెబ్బలు తినేవాడు కూడా నవ్వుతున్నాడు. నేను పోయి ఒక్కొక్కణ్ణీ చెవి పట్టుకుని ఈడ్చాను. ఆ ఊపులో ఒకడి చెంప పగిలేలా కొట్టాను. ప్రిన్సిపాల్ పిలిచి, పాట మీదే, ఆట పిల్లలది, మధ్యలో దెబ్బ ఎందుకు మేడం అని అడిగింది.

కాలేజీ ఫెస్ట్‌కి పిలిస్తే వెళ్ళాను. ఎదురుగా జనం చేతులెత్తి గెడ పట్టుకున్నట్టు ఊపుతూ కొడుతున్నారు. పేరు చెప్పినప్పుడల్లా కేక. ఆఖరి చరణం మొదలయ్యేసరికి సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. డి.జె.లు ఇంకా నయం, ఆ చరణం మొత్తంగా కోసేసి మళ్ళీ శీలావతి దగ్గరికి పోయేవారు. హైదరాబాదులో ఎవరో ఇది హింసని ముద్దు చేసే సంగీతం అని పెద్ద వ్యాసం రాశారు. ఆ మనిషిని పట్టుకుని నాలుగు వాయించాలనిపించింది. వాళ్ళన్నదే నిజమని ఫెస్ట్‌లో నా కళ్ళతో చూశాక ఇంకా ఎక్కువ అనిపించింది.

ఈలోగా మా ఊళ్ళో పెద్దలు కూర్చున్నారు. పాట కట్టుబాటు తప్పినట్టా కాదా అన్నది పంచాయితీ. చేపల కాటా వేసే షెడ్డులో, ఐసు పెట్టెల మధ్య కూర్చోబెట్టి, ఒక ఫోనుకి స్పీకరు తగిలించి పాటంతా విన్నారు. ఊరి పెద్ద గడ్డం కింద చెయ్యి పెట్టుకుని భక్తిగా విన్నాడు. బావమరిది వెనక నిలబడి కాలితో తాళం వేస్తున్నాడు. నేను అది చూశాను, అర్థం మాత్రం చేసుకోలేదు.

"ఇందులో ఎవరి పేరన్నా ఉందామ్మా?" అని అడిగాడు పెద్ద.

"లేదండి."

"మన ఊరి పేరు?"

"లేదండి."

"మరి ఎవరి గురించమ్మా ఇది?"

"తెలిసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పమనండి. వింటాను."

షెడ్డులో ఎవరూ నోరెత్తలేదు. ఎవరి గురించో చెబితే, చెప్పినవాడే కట్టుబాటు తప్పినట్టు. ఐసు కరిగి కాళ్ళ కిందకి వస్తుంటే లేచి వెళ్ళిపోయారు. గెలిచాననుకున్నాను. తమ్ముడు మాత్రం, "ఇప్పుడు కూడా ఎవరూ అనలేదక్కా," అన్నాడు.

ఆ ఎండాకాలంలో లీజుదారు కూతురి పెళ్ళయింది. పొద్దు వాలే వేళకి ఊరేగింపు మా పేట రోడ్డు మీదికి వచ్చింది. ముందు డి.జె. బండి, వెనక పూలు కట్టిన కారు. మేం ముగ్గురం మా వీధి మొగలో నిలబడ్డాం. నా పాట వేశారు. మా తమ్ముడి చేతి దెబ్బలు, నా గొంతు, ఊళ్ళో సగం మంది గంతులు. చొక్కా గుండీలు విప్పుకున్న బావమరిది డి.జె. బండెక్కి మైకు లాక్కున్నాడు.

"ఈ పాట ఎవరి మీద కట్టిందో తెలుసేంట్రా మీకు?" అని అరిచాడు. పాట ఆపమని చెయ్యి ఊపాడు. "నా మీద. ఆయ్, నా మీదే. గెడ పట్టుకుంది నేను. శీలావతికన్నది నేను, బొచ్చెకన్నది నేను. రాయల్టీ నాకు ఇవ్వాలి."

జనం ఈలలు వేశారు. ఎన్నో ఫోన్లు పైకి లేచాయి. ఊళ్ళో ఒక్కరూ అనని మాట అతనే అన్నాడు, అదీ మైకులో, నవ్వుతూ. నేను కాళ్ళ దగ్గరున్న ఇటుక ముక్క తీసుకుని స్పీకరు మీదికి విసిరాను. రెండోది అతని మీదికే విసిరాను, తగల్లేదు. బండి ఎక్కబోతే ఎవరో జుట్టు పట్టుకుని వెనక్కి లాగారు. అందిన చేతిని కొరికాను. పట్టు వదలకుండా కొరికాను. పిడికిలి వచ్చి నోటి మీద పడింది. కింద పడ్డాక కాళ్ళు తగిలాయి, డొక్కలో ఒకటి, వీపు మీద ఎన్నో. పళ్ళు రెండు నాలుక మీదికి వచ్చాయి. అమ్మ నా మీద అడ్డంగా పడింది.

అక్కణ్ణుంచే చూశాను, తమ్ముడు బండి ఎక్కుతున్నాడు. ఎవరూ ఆపలేదు. బావమరిది వాణ్ణి చూసి భుజం మీద చెయ్యి వేసి, "ఇదిగో, వీడేరా హీరో," అన్నాడు. తమ్ముడు ఆ చెయ్యి తియ్యలేదు. మైకు అడిగి తీసుకున్నాడు.

"నేను మందు కలపలేదండి," అన్నాడు.

బావమరిది మైకు వెనక్కి తీసుకుని, "మరి మబ్బు కలిపిందేంట్రా?" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. పాట మళ్ళీ మొదలైంది. ఈసారి శీలావతి అన్నప్పుడల్లా అతను తమ్ముడి వీపు మీద అరచేత్తో చరిచాడు, సరదాకే. తమ్ముడు అలాగే నిలబడి, దెబ్బలన్నీ అయ్యాక బండి దిగి మా దగ్గరికి వచ్చాడు. నేను చేసిన పాట మీద నాకు అంత అసహ్యం మళ్ళీ ఎప్పుడూ వెయ్యలేదు.

ఏలూరు పెద్దాసుపత్రికి ఆటోలో బయలుదేరాం. ఊరి పెద్ద పెళ్ళి బట్టల్లోనే వచ్చి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఉన్నాను. తమ్ముడు నా చెవి దగ్గర వంగి, "ఒప్పుకున్నాడు కదక్కా," అన్నాడు. సంతోషపడుతున్నాడో, నన్ను ఓదారుస్తున్నాడో తెలియలేదు. పెద్ద వెనక్కి తిరిగి, ఎంతో నెమ్మదిగా అమ్మకి చెప్పడం మొదలుపెట్టాడు.

"పెళ్ళిల్లు కదమ్మా. పిల్ల కాపురానికి పోవాలి. డి.జె. బండి ఎక్కబోయి జారి పడిందందాం. బావమరిది బండి మీద ఏదో అన్నాడంటే, తాగున్నాడు, దాన్ని ఎవరు లెక్కేస్తారు. రేపు మన షెడ్డులో అందరం కూర్చుందాం."

పెదపాడు దాటే దాకా ఆయన చెబుతూనే ఉన్నాడు. దారంతా అమ్మ నా జుట్టులోంచి మట్టి పెళ్ళలు ఏరుతూ కూర్చుంది.

కాజువాల్టీలో నర్సు నా దవడ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎలా జరిగిందండీ?" అని అడిగింది.

"డి.జె. బండి ఎక్కబోతుంటేనండి," అని పెద్ద మొదలుపెట్టాడు.

"కొట్టారమ్మా," అంది అమ్మ. ఆవిడ గొంతు అంత పెద్దగా నేను చర్చిలో కూడా వినలేదు. "మా అమ్మాయిని ఇవాళ కొట్టారు. మా అబ్బాయిని మూడేళ్ళ కిందట కట్టేసి కొట్టారు. వాడు ఏ మందూ కలపలేదు. అది కూడా రాసుకో తల్లీ."

నర్సు పెన్ను ఆపి, ఇలా అయితే పోలీసులకి చెప్పాలండి అంది. పెద్ద అమ్మ పక్కకి జరిగి, "ఊరుకోమ్మా. రేపు ఊళ్ళో నీళ్ళు తాగాలి మనం," అన్నాడు.

"ఎవరు కొట్టారో పేరు చెప్తారా అమ్మా?" అని అడిగింది నర్సు.

అమ్మ చెప్పింది. బావమరిది పేరు ఇంటిపేరుతో, తండ్రి పేరుతో, ఊరి పేరుతో సహా చెప్పింది. బెంచీల మీద ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. నర్సు రాసుకోవడం అయ్యే దాకా తమ్ముడు అమ్మ నోటి వంకే చూస్తూ నిలబడ్డాడు.